పిల్లలకు మబ్బు చూసి వాన చెప్పడం నేర్పే విధానం

ఒడిశా సరిహద్దున బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో ఐదు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్నవారు, ఆ వయసు పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు పెద్ద ఖర్చు లేకుండా అమలుచేయదగిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. లండనులో మందుల తయారీ వృత్తిలో ఉన్న లూక్ హోవర్డ్ 1802లో మబ్బులకు లాటిన్ పేర్లు పెట్టాడు. ఆ పేర్లే పెరిగి నేడు ప్రపంచమంతటా వాతావరణ శాఖలు వాడే పది రకాలయ్యాయి. ఆ పది రకాల బొమ్మను గోడకు అంటించి పేర్లు వల్లె వేయించడంతో పాఠం మొదలుపెట్టడం చాలాచోట్ల అలవాటు. చిన్నపిల్లల విషయంలో అది తలకిందుల పద్ధతి అని నా అభిప్రాయం. ఒక మబ్బు పేరు తెలిసినంత మాత్రాన వాన సంగతి తెలియదు. అదే మబ్బును అరగంట సేపు విడవకుండా చూసిన పిల్లకు, పేరు తెలియకపోయినా, అది ఏం చేయబోతోందో కొంత అర్థమవుతుంది. కాబట్టి మొదటి కొన్ని వారాల పాటు మూడే ప్రశ్నలు అడగాలి: మబ్బు పెరుగుతోందా, కిందికి దిగుతోందా, ఏ దిక్కు నుంచి వస్తోంది? పేర్లు ఆ తరువాత వాటంతట అవే అతుక్కుంటాయి.

చోటు, వేళ, దిక్కు

రోజూ ఒకే చోట నిలబడి చూడాలి. డాబా మీదైనా, బడి వరండా చివరనైనా, చెరువు గట్టు మీదైనా సరే, కనీసం రెండు దిక్కుల్లో ఆకాశం అంచు వరకూ కనబడాలి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదన్న నియమం మొదటి రోజే పెట్టాలి. గోడ నీడలో, సూర్యుడు కనబడని వైపు నిలబడితే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఒకసారి చూస్తే చాలు. ఎనిమిదిన్నర ఎంచుకోవడానికి కారణముంది: భారత వాతావరణ శాఖ కేంద్రాల్లో గడచిన ఇరవైనాలుగు గంటల వానను కొలిచే వేళ అదే కనుక, పిల్లల లెక్కను మరునాటి పేపరులో వచ్చే లెక్కతో పోల్చుకోవచ్చు.

దిక్కులు నోటితో చెబితే పిల్లలకు నిలవవు. నేల మీద సుద్దతో దిక్కుల గుర్తు గీసి, ఒక్కొక్క దిక్కుకు కంటికి కనబడే గుర్తు ఒకటి ముడిపెట్టాలి. బరంపురం పిల్లలకు గోపాల్‌పూర్ సముద్రం ఆగ్నేయాన, కొండలు పడమర వైపున ఉంటాయి. పర్లాకిమిడి పిల్లలకు మహేంద్రగిరి ఈశాన్యాన ఉంటుంది. 1501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మబ్బుల పాఠానికి ప్రత్యేకంగా పనికొస్తుంది. సముద్రం మీది నుంచి వచ్చే తడిగాలి కొండకు తగిలి పైకెక్కుతుంది, ఎక్కినకొద్దీ చల్లబడుతుంది, చల్లబడి మబ్బవుతుంది. అందువల్లనే చుట్టూ ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో కూడా కొండ తల కప్పుకుని కనబడవచ్చు. ఆ మబ్బు కొండను వదలకుండా పలచగా ఉంటే ఆ రోజుకు దాన్ని పట్టించుకోనక్కరలేదు. కొండ నడుము దాకా దిగి, అడుగుభాగం నల్లబడితే మాత్రం మధ్యాహ్నం మళ్లీ చూడాలని పిల్లలకు చెప్పాలి.

గాలి దిక్కుకు ఆరబెట్టిన బట్టలు, వంటింటి పొగ, జెండా సరిపోతాయి. అయితే నేల మీది గాలి ఒక వైపు, మబ్బు నడిచే దారి ఇంకొక వైపు ఉండవచ్చన్నది పిల్లలకు మొదట నమ్మశక్యంగా ఉండదు. ఒక తాటిచెట్టు తలనో, విద్యుత్ స్తంభం కొననో గురిగా పెట్టుకుని, దాని పక్క నుంచి మబ్బు ఎటు జరుగుతోందో కదలకుండా నిలబడి చూడమంటే ఆ తేడా వాళ్లే కనిపెడతారు.

గాజు సీసాలో మబ్బు

మబ్బు అంటే పొగ అని కొందరు, ఆవిరి అని కొందరు పిల్లలు చెబుతారు. నీటి ఆవిరి కంటికి కనబడదు; కనబడే మబ్బంతా సన్నని నీటి తుంపరలు, బాగా ఎత్తున ఉన్నదైతే మంచు పలుకులు. దీన్ని చూపడానికి వెడల్పు మూతి గాజు సీసా ఒకటి, కొన్ని మంచుముక్కలు, స్టీలు పళ్లెం, అగరుబత్తి కావాలి. పెద్దవాళ్లెవరైనా సీసాలో రెండు వేళ్ల ఎత్తున వేడినీళ్లు పోసి, మూతి మీద మంచుముక్కలున్న పళ్లెం పెట్టి, సీసా వెనుక నల్లకాగితం నిలబెట్టాలి. మొదట కనబడేది స్వల్పమే. పళ్లెం కొద్దిగా ఎత్తి అగరుబత్తి పొగ కాస్త లోపలికి వదిలి మళ్లీ మూస్తే, కొద్ది క్షణాల్లోనే తెల్లటి మబ్బు చుట్లు తిరుగుతుంది. ఆవిరి నీటిబిందువుగా మారడానికి పట్టుకొమ్మగా ఒక నలుసు కావాలని, ఆకాశంలో ఆ పని దుమ్ము, పొగ, సముద్రపు ఉప్పు చేస్తాయని అప్పుడు చెప్పాలి. ముందే చెబితే ప్రయోగంలో రుచి పోతుంది.

మబ్బు ఎందుకు కింద పడదని ఎవరో ఒక పిల్ల తప్పకుండా అడుగుతుంది. మబ్బులోని తుంపర అడ్డుకొలత మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అంత చిన్న బిందువు సెకనుకు సెంటీమీటరు చొప్పున మాత్రమే దిగుతుంది కాబట్టి, కింది నుంచి లేచే గాలి దాన్ని సులువుగా మోస్తుంది. రెండు మిల్లీమీటర్ల వానచినుకు ఒక్కటి తయారు కావాలంటే అటువంటి తుంపరలు పది లక్షలు కలవాలి. ఈ పది లక్షల లెక్క పిల్లలకు ఎంత నచ్చుతుందంటే, మిగతా పాఠమంతా మరిచిపోయినా దీన్ని ఇంట్లో చెప్పి తీరుతారు.

పెరిగే మబ్బు

ఈ ప్రాంతంలో పిల్లలు అన్నిటికంటే ముందు గుర్తుపట్టవలసింది ఎండాకాలపు మధ్యాహ్నాల్లో ఎత్తుకు పెరిగే మబ్బును. మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా పగటి ఎండకు నేల కాగుతుంది, సముద్రపు గాలి తేమను లోపలికి తెస్తుంది, తూర్పు కనుమల మీద ఆ గాలి పైకి లేస్తుంది. ఉదయం పది, పదకొండు గంటలకు అక్కడక్కడా అడుగు చదునుగా, పైన గుండ్రంగా ఉండే చిన్న చిన్న క్యుములస్ మబ్బులు పుడతాయి. వెడల్పు కంటే ఎత్తు తక్కువగా ఉండి, మధ్యాహ్నానికి కూడా అలాగే నిలిస్తే వాన రాదని పిల్లలు ధైర్యంగా రాయవచ్చు. ఎత్తు వెడల్పును మించిపోయి, తల కోబీపువ్వులా గట్టి అంచులతో ఉబుకుతుంటే, అరగంట తరువాత మళ్లీ చూసి రెండు బొమ్మలు పక్కపక్కన గీయించాలి. అరగంటలో మబ్బు రెట్టింపు ఎత్తుకు పోవడం అరుదేమీ కాదు.

ఇంకా పెరిగి తల చదునై పక్కలకు పరుచుకుని, అడుగు నల్లబడితే అది క్యుములోనింబస్. ఉరుము, మెరుపు, పిడుగు, వడగళ్లు దాని పనులే. ఉష్ణమండలంలో దాని తల పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాటవచ్చు. ఒడిశాలో కాలబైశాఖి అని పిలిచే వేసవి గాలివానలు తెచ్చేది ఇదే. అవి సాధారణంగా పడమర, వాయవ్య దిక్కుల నుంచి తీరం వైపు నడుస్తాయి కాబట్టి, మధ్యాహ్నం మూడు గంటలకు కొండల వైపు నల్లబడటం ఒక ఎత్తు, సముద్రం వైపు నల్లబడటం ఇంకొక ఎత్తు. మొదటిది మన మీదికి వచ్చే అవకాశం ఎక్కువ, రెండవది చాలాసార్లు మనల్ని దాటిపోయినదే. సాయంత్రం తూర్పున ఇంద్రధనుస్సు కనబడిందంటే సూర్యుడు పడమర తేటగా ఉన్నాడని, వాన తూర్పుకు జరిగిందని అర్థం; కాలబైశాఖి రోజుల్లో ఇది దాదాపు వెలిసిన వానకు గుర్తు. వాన పడబోయే ముందు ఉక్క ఒక్కసారి తగ్గి చల్లటి ఈదురుగాలి, దుమ్ము లేస్తాయి. ఆ గాలి మబ్బు లోపలి నుంచి కిందికి దూకి నేల మీద పరుచుకున్న చల్లగాలి. అది తగిలే సమయానికి పిల్లలు లోపల ఉండాలి, డాబా మీద కాదు.

పిడుగు విషయంలో ఆటకు తావు లేదు. మెరుపు కనబడ్డప్పటి నుంచి ఉరుము వినబడేదాకా ఎన్ని సెకన్లో లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది; ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు నడవడమే దీనికి ఆధారం. ఈ లెక్క కిటికీ లోపల కూర్చుని చేయడానికి మాత్రమే. ముప్ఫై సెకన్లు అంటే పది కిలోమీటర్లు, పిడుగు అంత దూరం కూడా వచ్చి పడగలదు. చిన్నపిల్లలకు అంకెలతో పనిలేని నియమం ఒకటే పెట్టాలి: ఉరుము వినబడితే ఇంట్లోకి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడకూడదు, పొలంలో ఒంటరిగా ఉండకూడదు, చెరువులో దిగకూడదు. పశువులను మేపడానికి పెద్దలతో వెళ్లే పిల్లలకు ఈ పాఠం మిగిలిన అన్నిటికంటే ముందు చెప్పాలి. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ సమీపంలో పిడుగులు పడే అవకాశాన్ని తెలుపుతుంది. తల్లి ఫోనులో అది ఉంటే పిల్లల లెక్కను దానితో సరిచూడవచ్చు.

చంద్రుడికి గుడి

దూరం గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన అని మన ఇళ్లలో పెద్దలు అంటారు. చంద్రుడి చుట్టూ కట్టే వలయం చంద్రుడికి దూరంగా, పెద్దదిగా ఉంటే వాన త్వరగా వస్తుందని, దగ్గరగా చిన్నదిగా ఉంటే ఇప్పట్లో రాదని దాని భావం. పిల్లలకు ఇది నేర్పడం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దీని వెనుక భౌతికశాస్త్రం గట్టిగానే ఉంది. పెద్ద వలయం ఆరేడు కిలోమీటర్ల పైన పరుచుకున్న పలచని మబ్బుపొరలోని ఆరు పలకల మంచు పలుకుల వల్ల వస్తుంది. అది ఎప్పుడూ చంద్రుడి నుంచి 22 డిగ్రీల దూరంలోనే ఏర్పడుతుంది. చేయి పూర్తిగా చాచి, వేళ్లు విప్పి, బొటనవేలి కొన చంద్రుడి మీద ఉంచితే చిటికెనవేలి కొన దాదాపు వలయాన్ని తాకుతుంది. పిల్లల చేయి చిన్నదైనా వేళ్లు కూడా చిన్నవే కనుక ఈ కొలత వాళ్లకూ సరిపోతుంది. చంద్రుణ్ణి ఆనుకుని రంగురంగులుగా కనబడే చిన్న వలయం మాత్రం ఇంకా కిందనున్న పలచని మబ్బులోని నీటితుంపరల పని.

ఎత్తైన మంచుమబ్బు ఒక పెద్ద వాన వ్యవస్థ ముందుగా పంపే పైపొర కావచ్చు. సామెత నిజమయ్యేది అప్పుడే. ఎక్కడో దూరాన కాలబైశాఖి కురిసి వెలిసి, దాని తలభాగం మాత్రం మన మీదికి కొట్టుకొచ్చినా అదే వలయం కనబడుతుంది, వాన మాత్రం రాదు. అందుకని గుడి కనబడిన రాత్రి తేదీ రాసిపెట్టి, తరువాత రెండు రోజులు ఏం జరిగిందో పక్కన రాయించాలి. చీమలు గుడ్లు మోసుకుపోవడం, తూనీగలు కిందుగా ఎగరడం, కప్పలు అరవడం వంటి ఆనవాళ్లకూ ఇదే న్యాయం. నమ్మమనీ చెప్పవద్దు, నవ్వవద్దు. వాటికొక గడి కేటాయించి లెక్కకు వదిలేయాలి.

ఇంగ్లీషు మాధ్యమం పిల్లలు సాయంత్రం ఆకాశం ఎర్రబడితే మరునాడు మంచి ఎండ అన్న సూత్రాన్ని బడి నుంచి తెస్తుంటారు. వాతావరణం పడమర నుంచి తూర్పుకు నడిచే సమశీతోష్ణ దేశాలకు అది చెల్లుతుంది. వానాకాలంలో మన వానలు బంగాళాఖాతంలో పుట్టి పడమటి వైపు నడుస్తాయి కాబట్టి ఇక్కడ ఆ సూత్రాన్ని పక్కన పెట్టాలి.

ముసురు రోజులు

జూన్ నడుమ రజ పండుగ ఉయ్యాలలు కట్టే రోజులకు, మన లెక్కలో మృగశిర కార్తెకు, నైరుతి రుతుపవనాలు ఈ జిల్లాలకు చేరుతుంటాయి. అప్పటి నుంచి ఆకాశం తీరు మారుతుంది. ఎత్తుకు పెరిగే విడి మబ్బుల స్థానంలో ఆకాశమంతా కప్పే బూడిదరంగు పొర వస్తుంది. ఆ పొర సన్నగా ఉండి సూర్యుడి జాడ తెలుస్తుంటే జల్లు, జాడ కూడా తెలియకుండా చిక్కబడి, దాని కింద చిరిగిన గుడ్డముక్కల వంటి మబ్బులు వేగంగా పరుగెత్తుతుంటే ముసురు అని స్థూలంగా నేర్పవచ్చు. పొరలో ఎప్పుడైనా కిటికీ తెరుచుకుంటే పిల్లలను పిలిచి చూపవలసిన వింత ఒకటుంది: కింది మబ్బులు నైరుతి నుంచో పడమర నుంచో వస్తుంటే, ఎంతో ఎత్తున ఉన్న సన్నని మబ్బులు తూర్పు నుంచి పడమరకు సాగుతుంటాయి. రుతుపవన కాలంలో పదిహేను కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో వీచే బలమైన తూర్పుగాలి దీనికి కారణం. స్తంభం కొన గురి ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

పుస్తకం, పందెం, లెక్క

చూసినదంతా రాయకపోతే ఈ విద్య కాలక్షేపమే అవుతుంది. గీతలు లేని నోటుపుస్తకంలో రోజుకు ఒక పుట కేటాయించాలి. ఒక గుండ్రటి కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది భాగాలు వస్తాయి. ఆకాశంలో ఎంత మేర మబ్బుందో అన్ని భాగాలకు రంగు వేసి పుటలో అతికించాలి. వాతావరణ కేంద్రాల్లో కూడా మబ్బును ఎనిమిదో వంతుల్లోనే లెక్కిస్తారు. దాని పక్కన మబ్బు బొమ్మ, అది వచ్చే దిక్కు, ఆ తరువాత పిల్ల వేసే అంచనా ఉండాలి. అంచనా వాన రాకముందే రాయాలి, తరువాత దిద్దకూడదు. చెప్పలేను అని రాసే హక్కు కూడా ఇవ్వాలి, ఎందుకు చెప్పలేకపోయిందో ఒక మాట చేరిస్తే చాలు.

వాన కొలవడానికి గోడలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా అమర్చాలి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి కొన్ని గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టాన్ని సున్నాగా గుర్తించి, అక్కడి నుంచి మిల్లీమీటర్ల పట్టీ అతికించాలి. చెట్టుకూ చూరుకూ దూరంగా పెట్టి, కొలిచిన ప్రతిసారీ నీటిని సున్నా గీతకు తేవాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ భారీ వర్షం అంటుంది. ఆ గీతను సీసా మీద ఎర్ర రంగుతో గీస్తే వార్తల్లో వినే మాటకు కొలత దొరుకుతుంది.

నెల చివర ఎన్ని అంచనాలు నిలిచాయో లెక్కపెట్టేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. జూలైలో రోజూ వాన వస్తుందని కళ్లు మూసుకుని రాసిన పిల్ల, శ్రద్ధగా మబ్బు చూసిన పిల్లను ఓడించగలదు. అందుచేత వానాకాలంలో వస్తుందా రాదా అని కాక, మధ్యాహ్నం ముందా తరువాతా, తుంపరా జడివానా అని పందెం మార్చాలి. వస్తుందా రాదా అన్న ప్రశ్నకు నిజమైన పరీక్ష ఏప్రిల్, మే నెలల్లోనే. చలికాలంలో పెద్దగా పని ఉండదు: కొండల వైపు ఉదయం నేలను కప్పిన మంచు ఎండెక్కాక విడిపోతుంది, మిగతా రోజంతా ఆకాశం ఖాళీ. అప్పుడు విమానం వదిలే తెల్లటి చార ఎంతసేపు నిలుస్తుందో చూడమనవచ్చు. వెంటనే మాయమైతే పైగాలి పొడిగా ఉంది, నిలిచి వెడల్పైతే అక్కడ తేమ ఉంది.

తుఫాను కాలం

మబ్బు చూసి చెప్పేది కొద్ది గంటల సంగతి మాత్రమే. ఈ హద్దు పిల్లలకు స్పష్టంగా తెలియాలి, ముఖ్యంగా మన తీరంలో. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటాయి. తిత్లీ వేళ గాలి కంటే ఆ తరువాత గజపతి జిల్లా కొండల్లో కురిసిన వాన, విరిగిపడిన కొండచరియలు ఎక్కువ ప్రాణాలు తీశాయి. తుఫాను ఆగ్నేయాన సముద్రంలో ఉన్నప్పుడు సన్నని ఎత్తు మబ్బులు సముద్రం వైపు నుంచి పాయలుగా విస్తరించడం, గాలి ఈశాన్యం నుంచి వీచేలా తిరగడం, తరువాత మబ్బు పొరలు ఒకదాని కింద ఒకటి దిగడం పిల్లలు గమనించగలరు, గమనించాలి. అయితే అది గుర్తుపట్టేటప్పటికి మిగిలే సమయం తక్కువ. వాతావరణ శాఖ ఉపగ్రహాలు, గోపాల్‌పూర్‌లోని డాప్లర్ రాడార్ అంతకు ఎంతో ముందే చూస్తాయి.

కాబట్టి సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు వరకు పిల్లల పుటలో ఇంకొక గడి చేర్చాలి: ఆ రోజు మన జిల్లాకు వాతావరణ శాఖ ఇచ్చిన రంగు. ఆకుపచ్చ అయితే మామూలే, పసుపు అయితే వార్తలు వింటుండాలి, నారింజ అయితే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అయితే అధికారులు చెప్పినట్టు వెంటనే నడుచుకోవాలి. నారింజ వచ్చిన రోజు పిల్ల తన అంచనా రాయవచ్చు, బొమ్మ గీయవచ్చు, కాని ఇంట్లో నిర్ణయం మాత్రం ఆ రంగును బట్టే జరగాలి. పసుపు దాటితే డాబా మీద పరిశీలన ఆపి, వానసీసాను లోపలికి తెచ్చి, ఆ రోజు పుట రాశాక పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి రేషన్ కార్డు, ఆధార్ కాగితాలున్న చోటనే భద్రపరచాలి.